స్థలమెరిగి నడిపించువాడే నాయకుడు

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



వీరశైవధర్మమున కాయకమునకు గల స్థానము మీకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. మన శరణులు కైలాసమును మింటిలో వెదకక చేతిపనియందే దర్శించిరి. అయితే కాయకమును గూర్చి ప్రసంగించునపుడు మనము సాధారణముగా పని చేయువానిని గూర్చియే మాట్లాడుదుము. పని చేయించువానిని గూర్చి మాట్లాడుట అరుదు.

నేడు మన కుటుంబములలో పప్పు మిల్లులు, నూనె మిల్లులు, దుకాణములు నడుపువారు కలరు. బ్యాంకులలో, పాఠశాలలలో, ప్రభుత్వ కార్యాలయములలో, కంప్యూటరు సంస్థలలో పదిమందిపై అధికారము గలవారు కలరు. మఠములలో దాసోహమును, విద్యార్థి వసతిగృహములను నిర్వహించువారు కలరు. వీరందరి చేతులలో ఇతరుల కాయకము ఉన్నది. ఒక గుమాస్తాకు తన కాయకము కైలాసమగుటయో, చెరసాల యగుటయో చాలవరకు వాని పై యధికారిని బట్టి యుండును. ఇది సామాన్యమైన బాధ్యత కాదు.

పనివారిని నడుపువానికి పని తెలిసిన మాత్రమున చాలదు, మనిషి తెలియవలెను. ఒకే మాట ఒకనికి ప్రోత్సాహమగును, మరియొకనికి అవమానమగును. ఒకే కానుక ఒకనికి ఆదరమగును, మరియొకనికి శిక్ష యగును. ఈ సత్యమును కల్యాణమందలి శరణచరిత్రలనుండి గ్రహింప యత్నింతము.

కల్యాణమందలి రెండు సభలు

బసవేశ్వరుడు అడవిలో తపస్సు చేసిన యోగి మాత్రమే కాడు, కొలువు చేసినవాడు. మంగళవాడలో కరణికపు పనితో ఆరంభించి, కలచుర్య బిజ్జలుని భండారియై, మంత్రియైనట్లు సంప్రదాయము చెప్పుచున్నది. లెక్కలు వ్రాయుట ఎట్టిదో, పైవానికి లోబడి పనిచేయుట ఎట్టిదో, క్రిందివారితో పని చేయించుట ఎట్టిదో అనుభవముచే ఎరిగినవాడు. ఆ మహానుభావుని కథను తెలుగున ద్విపదలో తొలుత గ్రంథస్థము చేసిన ఘనత మన పాల్కురికి సోమనాథునిది.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమునందు, అనగా నేటి కర్ణాటకమున బీదరు జిల్లాలోని బసవకల్యాణమునందు, రెండు సభలు నడచినవి. ఒకటి బిజ్జలుని రాజసభ, రెండవది అనుభవమంటపము. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన చాలును, నాయకత్వమన నేమో బోధపడును.

బిజ్జలుడు పరాక్రమవంతుడు, కార్యదక్షుడు. కాని మనుష్యులను తెలిసికొనుటకు ఆయనకు రెండే సాధనములుండెను: ఒకటి వారి పుట్టుక, రెండవది చాడీలు చెప్పువారి మాట. భండారములోని ధనమును బసవన్న జంగములకు పంచిపెట్టుచున్నాడని కొందరు చెప్పగా నమ్మెను. లెక్కించి చూడగా ధనము సరిగానే యుండెనని పురాణగాథ. లెక్క సరిపోయినను రాజునకు మంత్రి మనస్సు అర్థము కాలేదు. తుదకు హరళయ్య, మధువరసుల కుటుంబముల మధ్య వివాహము జరిగినపుడు, చెప్పులు కుట్టువాని యింటికిని బ్రాహ్మణుని యింటికిని వియ్యమన్న మాట ఒక్కటే ఆయన చెవికెక్కెను. ఆ యిద్దరు శరణుల హృదయము కానరాలేదు. క్రూరదండన విధించెను. కల్యాణము అల్లకల్లోలమయ్యెను. క్రీ.శ. 1167 ప్రాంతమున ఆయన పాలనయు ముగిసెను.

రెండవ సభ అనుభవమంటపము. అందు పడవ నడుపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య, త్రాళ్లు పేను చందయ్య, తోలు పని చేయు కక్కయ్య, కట్టెలమ్ము మారయ్య, రాచవైభవమును త్రోసివచ్చిన అక్కమహాదేవి ఒక్క వరుసను కూర్చుండిరి. వారి స్వభావములు ఒక్క తీరువి కావు. చౌడయ్య మాట కొరడాదెబ్బవంటిది. బసవన్న పలుకు వెన్నవలె మెత్తనిది. అల్లమప్రభువు వాక్యము పొడుపుకథవలె లోతైనది. అక్క వాణిలో విరహతాపము, ధైర్యము కలసియుండును. ప్రతివారును తమ తమ వచనములకు తమదైన అంకితమునే ఉంచుకొనిరి. బసవన్న వలె పలుకుడని చౌడయ్యకు ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు. స్వరములు వేరైనను శ్రుతి ఒక్కటియే.

ఆ సభకు శూన్యసింహాసనాధ్యక్షుడుగా బసవన్న తాను కూర్చుండలేదు, అల్లమప్రభువును కూర్చుండబెట్టెను. అధికారము, ధనము, పలుకుబడి తనవైనను, జ్ఞానచర్చను నడపుటకు తనకంటె నిర్మోహియైన ప్రభువు తగినవాడని గుర్తించెను. తన స్వభావమును తాను తూచుకొనగలుగుట నాయకుని మొదటి లక్షణము.

ఇద్దరు మారయ్యలు

ఆయ్దక్కి మారయ్య కథ మీరెరిగినదే. బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఆ గింజలతోనే ఆయన భార్య లక్కమ్మ జంగమదాసోహము నడుపుచుండెను. ఈ పేద దంపతులపై జాలి గొని బసవన్న ఒకనాడు ముంగిట కావలెనని ఎక్కువ గింజలు చల్లించెనట. మారయ్య మూట పెద్దదిగా నింటికి వచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నిత్యము వచ్చు కొలతకంటె అధికముగా వచ్చినది మన కాయకము కాదనియు, అది ఆశకు ద్వారమనియు చెప్పి, మిగిలినదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని భర్తను పంపెను.

మోళిగె మారయ్య కథయు ఇట్టిదే. కట్టెలమ్మి అంబలితో జంగమసేవ చేయు ఆ శరణుని యింటికి, ఆయన లేని వేళ, బసవన్న జంగమవేషమున వెళ్లి అంబలి స్వీకరించి, ఎవరికిని తెలియకుండ బంగారు నాణెములుంచి వచ్చెను. మారయ్య వచ్చి చూచి మిక్కిలి నొచ్చుకొనెను. తన కట్టెలమోపునే బంగారముగా మార్చి చూపి, తనకు పరుల సొమ్ముతో పని లేదని తెలిపినట్లు పురాణము చెప్పుచున్నది.

ఈ రెండు కథలను మనము సాధారణముగా నిరాశకు ఉదాహరణములుగా చెప్పుకొందుము. ఇచ్చినవాని వైపునుండియు ఒకసారి చూడవలెను. బసవన్న చేసినది తప్పు కాదు, కారుణ్యమే. అదే ధాన్యము, అదే బంగారము వేరొక బీదవాని యింట పడియున్నచో వాని కన్నులు ఆనందాశ్రువులతో నిండియుండెడివి. కాని ఈ ఇద్దరి ఐశ్వర్యము వారి చేతిపనియందుండెను. వారికి ధనమిచ్చుట వారి కాయకము చాలదని చెప్పుట వంటిది. ఇందులో బసవన్న మహిమ ఎచ్చట నున్నదనగా, ఆ శరణులు త్రోసివేసినపుడు ఆయన అధికారదర్పముతో కోపింపలేదు. వారిని మరింత గౌరవించెను. ఇచ్చు చేయి తనదైనను, పుచ్చుకొనువాని మనస్సు చూడక ఈయరాదని లోకమునకు తెలియజేసెను.

ఒక కార్యాలయమును ఊహింపుడు. లెక్కలలో ఒక్క పొరపాటు రానీయని గుమాస్తా ఒకడున్నాడు. సమావేశములలో నోరు విప్పడు. అధికారి మంచి మనస్సుతోనే వానిని నూరుమంది యెదుట వేదిక యెక్కించి పూలదండ వేసి, నాలుగు మాటలు చెప్పుమని నిర్బంధించెను. ఆ దినము వానికి సన్మానము కాదు, పరీక్ష. మరునాడు ఆ అధికారియే వాని బల్ల యొద్దకు వెళ్లి, నీవు సరిచూచిన కాగితమైన నేను నిశ్చింతగా సంతకము చేయుదును అన్నచో, ఆ ఒక్క మాట వానికి పదేండ్ల బలము. వేరొకడు పదిమంది యెదుట మెచ్చుకోలు లభించినగాని పని సాగనివాడు. వానిని గదిలోనికి పిలిచి రహస్యముగా మెచ్చుకొనిన ప్రయోజనము లేదు. ఇద్దరును మంచివారే, ఇద్దరిని ఒకే త్రాసున తూచుట అధికారి లోపము.

సొన్నలిగె చెరువుగట్టున

ఇక పని చేయించు నాయకుని కథ. నేటి సోలాపురమునకు పూర్వనామము సొన్నలిగె. అచ్చట సిద్ధరామయ్య చెరువులు త్రవ్వించుచు, గుడులు కట్టించుచు, వేలమందికి పని కల్పించి మహాకర్మయోగిగా వెలుగొందుచుండెను. అల్లమప్రభువు అచ్చటికి వచ్చి, ఆయనను మట్టి త్రవ్వించు మేస్త్రి వలె సంబోధించి తేలికగా మాటాడెను. పనివారు తమ గురువునకు అవమానము జరిగినదని రాళ్లు రువ్విరి. సిద్ధరామయ్యయు కోపముతో వచ్చెను. ఆ కోపమునే చూపి ప్రభువు ఆయనకు జ్ఞానబోధ గావించెను. పదునైదవ శతాబ్దమున సంకలితమైన శూన్యసంపాదనమున ఈ సంవాదము విపులముగా నున్నది.

ఇందు గమనింపవలసిన విషయములు రెండు. మొదటిది: సిద్ధరామయ్య చేయుచున్న పని లోకోపకారకము, అందు లోపము లేదు. కాని ఆ పని నాది యను భావము ఆయనకే తెలియకుండ లోపల గూడు కట్టుకొనియుండెను. వేలమందిని నడుపువాడు తన్ను తాను చూచుకొనలేదు. నాయకుని కోపము క్షణములో క్రిందివారి చేతులలో రాళ్లుగా మారునని ఆ చెరువుగట్టున ఋజువైనది. పై యధికారి ఎవనిపై చిరాకు పడునో వానిని కార్యాలయమంతయు దూరముంచుట మనము నిత్యము చూచుచున్నదే.

రెండవది: ప్రభువు అందరితో అట్లు మాటాడలేదు. సిద్ధరామయ్య గట్టి మనిషి, నిజము తెలిసిన వెంటనే వంగగలవాడు అని ఎరిగియే కఠినముగా పలికెను. అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినపుడు కఠినప్రశ్నలడిగెను. ఆమె ఉత్తరములు విని సభాసమక్షమున గౌరవించెను. మెత్తని మనస్సుగల మరియొక సాధకునిపై అదే గద్దింపు ప్రయోగించినచో వాడు విరిగిపోయెడివాడు. గద్దించుట అధికారికి హక్కు కాదు, ఔషధము. రోగిని చూడక ఔషధమీయరాదు. సిద్ధరామయ్య ఆ పిమ్మట కల్యాణమున చెన్నబసవన్న వలన ఇష్టలింగదీక్ష పొంది, కాలక్రమమున ఆ శూన్యపీఠమునే అధిష్ఠించినట్లు సంప్రదాయము.

స్థలము అను మాటలోని వెలుగు

మన సిద్ధాంతమునకు వెన్నెముక షట్స్థలము. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములు ఆరు. వానికి క్రమముగా శ్రద్ధ, నిష్ఠ, అవధానము, అనుభవము, ఆనందము, సమరసము అను భక్తులు చెప్పబడినవి. ఇవి జీవుడు శివునిలో ఒకటగు మార్గమందలి మెట్లు. పనివారిని కొలుచు కొలబద్దలు కావు. అయినను ఈ ఉపదేశమున ఒక లోకవ్యవహార సత్యము కలదు. మానవులందరు ఒకే చోట నిలిచియుండరు. ఎవరు ఏ మెట్టుపై నున్నారో తెలిసికొని అచ్చటినుండి చేయి పట్టి నడుపవలెను. శిష్యుని చూడకుండ గురువు దీక్షనీయడు గదా!

శ్రద్ధ ప్రధానముగా గలవాడు నమ్మి వచ్చును. వానికి మార్గము చూపువాడు దగ్గర నుండవలెను. నిష్ఠ ప్రధానముగా గలవాడు నియమము తప్పడు, తప్పనీయడు; వానికి మార్పు కష్టము. అవధానము గలవాడు చిన్న విషయమును విడువడు, వానిని తొందరపెట్టరాదు. అనుభవము పండినవానికి అడుగడుగున ఆజ్ఞలీయరాదు. ఆనందస్వభావుడు నలుగురిలో ఉత్సాహము నింపును. సమరసస్వభావుడు విడిపోయినవారిని కలుపును.

ఒక పప్పు మిల్లులో ముప్పది యేండ్లుగా ఖాతాపుస్తకములు వ్రాయు వృద్ధ గుమాస్తా యున్నాడనుకొనుడు. చదువుకొని వచ్చిన యజమాని కుమారుడు లెక్కలన్నియు కంప్యూటరునందు వ్రాయవలెనని ఆజ్ఞాపించెను. వృద్ధుడు ససేమిరా అనెను. మొండివాడని తీసివేయుట సులభము. కాని అది మొండితనము కాదు, నిష్ఠ. ఆ మిల్లు లెక్క ఒక్క పైసా తప్పకుండ కాపాడిన గుణమే ఇప్పుడు అడ్డుగా నిలిచినది. ఆ గుణమెరిగిన యజమాని ఏమి చేయును? మార్పునకు కారణమును ఓపికతో వివరించును. ఒక నెల పాటు పాత పుస్తకము, క్రొత్త యంత్రము రెండును ప్రక్కప్రక్కన నడిపి సరిచూడుమని ఆ వృద్ధునికే అప్పగించును. సరిపోయినదని తన కన్నులతో చూచిన దినమున, ఆ క్రొత్త పద్ధతికి వానికంటె గట్టి కావలివాడు ఉండడు.

పాశ్చాత్యదేశములలోను ఈ విచారణ జరిగినది. స్విట్జర్లాండునకు చెందిన మనస్తత్త్వవేత్త కార్ల్ యుంగ్ 1921లో వెలువరించిన గ్రంథమున మానవులలో అంతర్ముఖులను, బహిర్ముఖులను వివరించెను. తరువాతి పండితులు స్వభావమును అయిదు ముఖ్యగుణములుగా విభజించి కొలుచుచున్నారు. పెద్ద సంస్థలలో ఉద్యోగులకు ప్రశ్నపత్రములిచ్చి స్వభావమును తెలిసికొను పద్ధతి కలదు. ఇవి మేలే. అయితే ఆ శాస్త్రజ్ఞులే చెప్పు మాట ఒకటి కలదు. ఈ గుణములు తలుపు వలె తెరచియో మూసియో యుండవు. కొలత వలె ఒకనిలో హెచ్చుగా, ఒకనిలో తగ్గుగా నుండును. అత్యధికులు నడుమ నుందురు. ప్రశ్నపత్రము చూపునది మనిషి నీడను మాత్రమే. మనిషిని చూడవలెనన్న వానితో కూర్చుండవలసినదే.

ఎరుగుట వేరు, ముద్రవేయుట వేరు

ఇక్కడ ఒక అపాయము పొంచియున్నది. స్వభావమెరుగుట పేరిట ముద్ర వేయుట సులభము. వీడు సోమరి, వాడు పిరికి, ఫలానా వంశమువారు వ్యాపారమునకే తగుదురు, ఫలానా వాడవారు కష్టపు పనికే తగుదురు, స్త్రీలు అధికారమునకు తగరు - ఈ మాటలు నేటికిని మన దుకాణములలో, కార్యాలయములలో వినవచ్చుచున్నవి. పుట్టుకను బట్టి గుణమును నిర్ణయించు ఆ దురాచారమును కూల్చుటకే శరణులు ప్రాణములొడ్డిరి. ఆ గోడను కూల్చిన బసవన్న పేరు చెప్పుకొనుచు, దాని యిటుకలతోనే మనము మరియొక గోడ కట్టరాదు. మారయ్యకు దారి చూపినది లక్కమ్మ. ఆమె స్త్రీ యని ఆ మాట తేలికయైనదా?

ముద్రకును ఎరుకకును భేదమిది. ముద్ర మనిషిని ఉన్నచోటనే బంధించును. ఎరుక వానిని ముందునకు నడుపును. స్థలమనగా నిలుచు చోటు, ఎక్కవలసిన మెట్టు. భక్తస్థలమున నున్నవాడు ఐక్యమునకు పోవలసినవాడేగాని అచ్చటనే కుదురుకొనవలసినవాడు కాడు.

అంతకంటె సూక్ష్మమైన పాపము మరియొకటి కలదు: స్వభావమెరిగి వంచించుట. ప్రతి కార్యాలయమునను కాదనలేని స్వభావము గలవాడు ఒకడుండును. పండుగనాటి పని వానిదే. సెలవులో పోయినవాని పని వానిదే. అధికారికి వాని గుణము బాగుగా తెలియును. తెలిసియే వాని నెత్తిన బరువులు మోపును. వాని యింటిలో పిల్లలు తండ్రి కొరకు ఎదురుచూచుచు నిద్రించుచుందురు. పొగడ్తకు లొంగువానిని పొగడి, భయపడువానిని బెదరించి పని రాబట్టుకొను నేర్పును కొందరు నాయకత్వమని భ్రమించుచున్నారు. అది పశువు ముక్కుత్రాడు పట్టుకొనుట. దాసోహభావము లేని ఎరుక కత్తివంటిది.

స్వభావమును మన్నించుట యనగా అలసత్వమును మన్నించుట కాదు. కాయకమున ఏమరుపాటు ఎవరికిని చెల్లదు. త్రాళ్లు పేను నులియ చందయ్య కథయందు లింగపూజ సైతము కాయకమునుండి విడుదల నీయలేదు గదా! పని ఒప్పందము అందరికి సమానము. ఆ పనికి మనిషిని సిద్ధపరచు తీరు మాత్రమే వేరు వేరు.

ఆచరింపదగినవి

పదిమందిపై అధికారము గలవారు ఈ నాలుగింటిని నిత్యసాధనగా గైకొనవలెనని మా విన్నపము.

మొదటిది, తన్ను తాను తెలిసికొనుట. ఉదయము ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని చూచువేళ, నిన్న ఎవరిపై అకారణముగా కోపించితిని, ఎవరి పొగడ్తకు లొంగితిని అని ఒక్క క్షణము విచారింపుడు. లింగమునెదుట బొంకుట కష్టము.

రెండవది, చెప్పుడుమాటలు విడిచి స్వయముగా చూచుట. ఎవరు ఏ పనిలో నున్నపుడు ముఖము వికసించుచున్నది, ఏ పని యనగా అడుగు వెనుకకు పడుచున్నది కనిపెట్టుడు. జాతర దినములలో మఠపు దాసోహమున దీనిని చక్కగా చూడవచ్చును. ఒకడు పొయ్యి కడ గంటలకొలది మౌనముగా శ్రమించును. పంక్తిలో వడ్డింపుమన్న తడబడును. వేరొకడు పంక్తిలో నలుగురిని పలుకరించుచు వడ్డించును. పొయ్యి కడ నిలువలేడు. ఇద్దరి చేతులు కలిసినగాని ప్రసాదము భక్తునికి చేరదు.

మూడవది, ఇచ్చుటకు ముందు అడుగుట. హోదా పెంపు గాని, బదిలీ గాని, సన్మానము గాని, మందలింపు గాని, వానికి ఎట్లు తోచునో ముందుగా విచారింపుడు. మారయ్యలు నేర్పిన పాఠమిది.

నాలుగవది, తనకు లేని గుణము గలవానిని ప్రక్కన నుంచుకొనుట. మృదుస్వభావుడైన బసవన్న చెంత వజ్రకఠినుడైన మడివాలు మాచయ్య యుండెను. తగిన వేళ బసవన్ననే హెచ్చరింపగలిగెను. తన వంటివారినే చుట్టును చేర్చుకొను అధికారి అద్దముల గదిలో కూర్చున్నవాడు. ఎటు చూచినను తన ముఖమే కనిపించును.

శరణబంధువులారా! ఇష్టలింగమును పరికింపుడు. అందరి లింగమును ఒకే రూపము, ఒకే తేజస్సు. అందు పెద్ద చిన్న లేదు. కాని దానిని ధరించు అరచేతులు ఏ రెండును ఒక్కటి కావు. నాగలి పట్టిన చేయి, కలము పట్టిన చేయి, గరిటె పట్టిన చేయి - ప్రతి దాని గీతలు వేరు. లింగమును చూచి అందరిని సమముగా గౌరవింపుడు. అరచేతిని చూచి ఎవరికి తగినట్లు వారిని నడుపుడు. ఇందు మొదటిది మరచినవాడు బిజ్జలుని వలె మనుష్యులను పోగొట్టుకొనును. రెండవది మరచినవాడు సదుద్దేశముతోనే మనుష్యులను నొప్పించును.

మీ మీ కాయకక్షేత్రములు చిన్న చిన్న అనుభవమంటపములగు గాక! మీ క్రింద పనిచేయువారు సాయంకాలము ఇంటికి పోవునపుడు తలయెత్తి నడుతురు గాక! గురుబసవేశ్వరుని కృప మీ యందరిపై ప్రసరించు గాక!